పటకథ నుంచి తెరపటం దాకా: కాల్పనిక ప్రపంచాల పటరచన – జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

రోల్ ప్లేయింగ్ ఆటల్లోని కాల్పనిక ప్రపంచాలకు పటాలు గీసే సాఫ్ట్‌వేర్లు గత మూడు దశాబ్దాలలో బాగా విస్తరించాయి. వీటి రూపకల్పనలో లోకాన్ని పైనుంచి చూసే దృష్టి స్థిరపడింది. తెలంగాణ నకాశీ పటం మాత్రం లోకాన్ని కథావరుసలో చూపుతుంది. జగిత్యాల కోట, నేతవారి భావనారుషి పటకథ, మూడు పట్టణాల పేర్ల లిపిరూపం ఆధారంగా ఈ రెండు దృష్టులను పోల్చి, తెలుగు కథాలోకాలకు తగిన పటరచనా సాధనంలో ఉండవలసిన అంశాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పటం, పటకథ, నకాశీ, కూనపులి, కాల్పనిక భూగోళం, సాఫ్ట్‌వేర్ రూపకల్పన.

1. ప్రవేశిక

సంస్కృతంలో ‘పట’ శబ్దానికి వస్త్రమని అర్థం. తెలుగువారు ‘పటం’ అనే మాటను దేవుని చిత్రానికీ, బడిగోడకు వేలాడే దేశపటానికీ వాడుతున్నారు. పిల్లలు ఎగరేసేది గాలిపటం. బొమ్మల పటాన్ని విప్పి చెప్పే కథ పటకథ. వస్త్రం, చిత్రం, భూగోళరేఖ ఒకే మాటలో ఇమిడిన భాషలో కాల్పనిక ప్రపంచపటం చరిత్రను కంప్యూటరు తెరతోనే మొదలుపెట్టవలసిన పనిలేదు.

నేతకు పేరుపొందిన సిరిసిల్ల, ఖాదీకి పేరుపొందిన మెట్‌పల్లికి పొరుగున ఉన్న కోరుట్ల, నక్షత్రాకారపు కోట ఉన్న జగిత్యాల ఈ పరిశీలనకు తగిన క్షేత్రం. ఇవి మూడూ పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11 నాటి పునర్వ్యవస్థీకరణతో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరువేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది.

2. పైనుంచి చూపు: జగిత్యాల కోట

జగిత్యాల కోటను 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సహాయంతో ఇబ్రహీం ధంసా కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతోంది. కందకం ఒడ్డున నిలబడినవారికి కనిపించేది గోడ, మూల, మళ్ళీ గోడ. దాని నక్షత్రాకారం నేలమీద నిలిచిన కంటికి అందదు. ఒక బురుజు నుంచి పేల్చిన గుండు పక్క బురుజు గోడ వెంట సాగాలి. శత్రువు దాగడానికి ఏ మూలా మిగలకూడదు. ఈ నియమాన్ని బట్టి కోణాలు నిర్ణయమవుతాయి కనుక ఇటువంటి కోట ముందు కాగితంమీద పుట్టి, తరువాత నేలమీద లేస్తుంది. లోకాన్ని పైనుంచి కొలిచే దృష్టికి ఈ ప్రాంతంలో నిలిచి ఉన్న రాతిసాక్ష్యం ఇది.

3. ఆటలోకి పటం, పటంలోకి గణితం

ఆధునిక కాల్పనిక సాహిత్యంలో పటానికి ప్రతిష్ఠ తెచ్చినవాడు టోల్కీన్. 1937లో వెలువడిన ‘ది హాబిట్’లో పటం కథానడకకే ఆధారం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ప్రచురించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటతో పటం పాఠకుని చేతినుంచి ఆటగాని చేతికి వచ్చింది. ఆరుబయట సాగే ప్రయాణాలకు 1972 నాటి ‘అవుట్‌డోర్ సర్వైవల్’ అనే ఆట పలకను వాడుకోమని ఆ ఆట నియమాలు సూచించాయి. ఆ పలక షట్కోణాల గడులతో ఉంటుంది. షట్కోణానికి ఆరు పొరుగుగడులు, ఆరూ సమదూరంలో ఉండడం వల్ల ప్రయాణపు లెక్క సులభం.

1980 నాటి ‘రోగ్’ ఆటలో గదులను, దారులను ప్రతిసారీ కంప్యూటరే కొత్తగా కూర్చింది. 1980ల తొలినాళ్ళలో కెన్ పెర్లిన్ రూపొందించిన ‘నాయిస్’ పద్ధతి సహజంగా కనిపించే ఎత్తుపల్లాలను సృష్టించడానికి ఉపకరించింది. 1993లో వచ్చిన ‘క్యాంపెయిన్ కార్టోగ్రాఫర్’ ఇంజనీర్లు వాడే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ పునాదిపై నిర్మితమైంది. జగిత్యాల కోటను గీసిన చేతికీ ఈ సాధనానికీ మధ్య ఉన్న బంధుత్వం ఇక్కడ స్పష్టమవుతుంది. తరువాతి కాలపు ‘అజ్గార్ ఫాంటసీ మ్యాప్ జనరేటర్’ వంటివి నేలను వొరొనొయ్ గడులుగా విభజించి, ప్రతి గడికి ఎత్తు నిర్ణయించి, నీటిని పల్లపు గడివైపు నడుపుతాయి.

ఈ గణితానికి సిరిసిల్ల మీదుగా పారే మానేరు గోదావరిలో ఎందుకు కలుస్తుందో తెలుసు. గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి తీర్థం ఎందుకయిందో తెలియదు. పల్లాన్ని లెక్కించవచ్చు, ప్రాశస్త్యాన్ని కథే చెప్పాలి.

4. కథావరుసలో లోకం: నేతవారి పటం

పద్మశాలీలకు ఆశ్రితులైన కూనపులివారు భావనారుషి కథను పటం సాయంతో చెబుతారు. మార్కండేయుని యజ్ఞం నుంచి పుట్టిన భావనారుషి విష్ణువు నాభికమలపు తూడునారతో వస్త్రం నేస్తాడు, సూర్యుని కుమార్తె భద్రావతిని పెండ్లాడతాడు, పులినెక్కి తిరుగుతాడు. వైకుంఠం, సూర్యలోకం, అడవి, మగ్గం ఉన్న ఇల్లు అన్నీ ఒకే లోకంలో ఇముడుతాయి. పద్మశాలీలు అధికంగా ఉన్న సిరిసిల్ల వంటి పట్టణంలో ఈ కథ వినే శ్రోతకు ఆ లోకంలో అన్నిటికంటె పరిచితమైన చోటు మగ్గమే.

నకాశీలు ఖాదీ గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఆరిన తరువాత ఎర్రని నేపథ్యంపై బొమ్మలు వేస్తారు. నిలువుగా సాగే పటాన్ని అడ్డువరుసలుగా విభజిస్తారు. కథకుడు పుల్లతో బొమ్మను చూపుతూ ఒక్కొక్క వరుసను విప్పుతాడు. చుట్టలో ఉన్న భాగం శ్రోతకు ఇంకా తెలియని లోకం. ఆటల సాఫ్ట్‌వేర్లో చూడని ప్రాంతాలను కప్పే పొగమంచు చేసే పని ఇదే. అయితే ఆ పొగమంచు ఆటగాని అడుగును బట్టి తొలగుతుంది. చుట్ట కథకుని మాటను బట్టి విడుతుంది. మొదటిది స్థలాన్ని అనుసరిస్తుంది, రెండవది కాలాన్ని.

పటంలో దూరానికి కొలత లేదు. వైకుంఠం నుంచి అడవికి ఎన్ని ఆమడలో అది చెప్పదు. ఏది ముందు, ఏది తరువాత, ఎవరు పెద్ద అన్నది చెబుతుంది. ఈ లోకపటాన్ని మోసుకుతిరిగే కుటుంబానికి మరొక భూగోళం కూడా ఉంది. ఏ ఊళ్ళలో కథ చెప్పే హక్కు ఎవరిదో మిరాశీ నిర్ణయిస్తుంది. కథలోని లోకం గుడ్డమీద ఉంటే, బతుకుదెరువు భూగోళం జ్ఞాపకంలో ఉంటుంది.

పాతబడిన పటాన్ని నీటిలో నిమజ్జనం చేసే ఆచారం ఉంది. కొత్త పటం వేయించుకునేవారూ కథ చెప్పేవారూ ఉన్నంతకాలం అది నష్టం కాదు. వారు తగ్గినప్పుడు మాత్రం మిగిలిన ప్రతి పటం చివరిదయ్యే ప్రమాదముంది. అటువంటి పటాన్ని ఫొటో తీసి భద్రపరిస్తే బొమ్మలు దక్కుతాయి. విప్పే వరుస, ఏ బొమ్మ దగ్గర కథకుడు ఆగుతాడన్న వివరం దక్కవు.

5. రూపకల్పనకు సూత్రాలు

పై పరిశీలన నుంచి మూడు సూత్రాలు తేలుతున్నాయి.

మొదటిది వరుస. సాఫ్ట్‌వేర్లో ప్రతి స్థలానికి అక్షాంశ రేఖాంశాల వంటి స్థానాంకాలతోపాటు కథాక్రమాంకం ఉండాలి. ఒకే అడవి కథలో రెండుసార్లు వస్తే రెండు క్రమాంకాలకు చోటు ఉండాలి. నకాశీ పటంలో ఒకే పాత్ర వరుస వరుసలో మళ్ళీ కనిపించడం ఇందుకు ఆధారం.

రెండవది ప్రమాణం. దూరాన్నిబట్టి కాక ప్రాధాన్యాన్నిబట్టి స్థలం పెద్దదయ్యే వీలుండాలి. కొలత పటం, కథాపటం ఒకే సమాచారానికి రెండు చూపులుగా నిలవాలి.

మూడవది లిపి. ‘జగిత్యాల’ కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్‌లో 8 సంకేతాలు. ‘కోరుట్ల’ మూడక్షరాలు, 7 సంకేతాలు. ‘సిరిసిల్ల’ నాలుగక్షరాలు, 9 సంకేతాలు. పటంమీద నది వంపు వెంట పేరు రాసేటప్పుడు, ప్రాంతమంతా పరచుకునేలా అక్షరాలను ఎడంగా పెట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క సంకేతాన్ని విడిగా పేరిస్తే ‘ట్ల’లోని వత్తు ఒకచోట, అక్షరం మరొకచోట పడుతుంది. అక్షరాన్నే ప్రమాణంగా గ్రహించడం ఇక్కడ అలంకారం కాదు, అవసరం.

6. ముగింపు

జగిత్యాల కోట, నేతవారి పటం ఒకే ప్రాంతంలో రెండు పటదృష్టులకు నిదర్శనాలు. పటరచనా సాఫ్ట్‌వేర్లు మొదటి దృష్టిని సమర్థంగా స్వీకరించాయి. రెండవదాన్ని స్వీకరించడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకి లేదు. ఏ సమాచారాన్ని నమోదు చేయాలో ముందుగా తెలియాలి. ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్ రూపకర్త ఒక్కడే చేయగలిగేది కాదు. పటం విప్పే వరుసను కథకుల నోట విని రాసుకోవలసింది జానపద పరిశోధకులు. ఆటల కోసం కొత్త లోకాలు గీసే సాధనమూ, ఉన్న లోకాలు మరుగునపడకుండా కాపాడే సాధనమూ ఆ నమోదుపైనే ఆధారపడి ఉన్నాయి. కథ చెప్పగలిగినవారు ఉండగానే ఆ పని మొదలుకావాలి.