గినీ పందుల పోషణ: మేత, ఎండ, మందు

గినీ పంది పేరుకు మాత్రమే పంది. అది ఎలుకలు, ఉడుతల వలె కొరికే జంతువుల వర్గానికి చెందిన శాకాహారి. గినీ దేశంతోనూ దానికి సంబంధం లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దాని జన్మస్థానం. సంగనకల్లు సన్నరాచమ్మ గుట్ట మీద నవీన శిలాయుగపు మానవులు ఆవులను, గొర్రెలను మేపుకుంటున్న కాలానికే అక్కడి ప్రజలు దీనిని మాంసం కోసం ఇళ్ళలో మచ్చిక చేసుకున్నారు. ఆ చల్లని కొండల ప్రాణి నేడు పిల్లల ముచ్చట కోసం బళ్ళారి ఎండల్లోకి వస్తోంది.

తరతరాలుగా గొర్రెలు, మేకలు సాకిన ఇళ్ళకు ఇంత చిన్న ప్రాణి ఒక లెక్కా అనిపించడం సహజం. మేత విషయంలో అది చాలావరకు నిజం కూడా. అయితే విటమిన్ సి, వేసవి ఎండ, సూదిమందు అనే మూడు విషయాలలో గొర్రె లెక్క దీనికి చెల్లదు. అక్కడ పొరపడితే ప్రాణమే పోవచ్చు.

మేత

గినీ పంది ఆహారంలో సింహభాగం గడ్డి. పచ్చిదైనా, నీడన ఆరినదైనా, రేయింబవళ్ళు దాని ఎదుట ఉండాలి. దాని ఇరవై పళ్ళూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు నమిలి అరగదీసుకోకపోతే అవి నోటిలో అడ్డుపడి తిండి తిననివ్వవు. పేగుల కదలికకు కూడా పీచే ఆధారం. పొలం గట్ల మీది గరిక ఇందుకు శ్రేష్ఠమైనది. కన్నడంలో కుదురె మసాలె అని పిలిచే లూసర్న్‌లో కాల్షియం అధికం. దానిని రోజూ వేస్తే పెరిగిన జంతువులకు మూత్రకోశంలో రాళ్ళు ఏర్పడే ప్రమాదముంది. చూడితో ఉన్నవాటికి, ఎదిగే పిల్లలకు కొద్దిగా వేయవచ్చు.

లేత జొన్న పైరును, కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకలను వేయరాదు. నాము తిని పశువులు పడిపోవడం ఈ ప్రాంత రైతులు ఎరిగినదే. ఆ విషం కిలో బరువు కూడా లేని ప్రాణిని ఏమి చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పురుగుమందు కొట్టిన మిరప, పత్తి చేల గట్ల గడ్డి కూడా పనికిరాదు. వయ్యారిభామ, గన్నేరు, జిల్లేడు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప దరి చేరనీయకూడదు. అన్నం, రొట్టె, పాలు, బిస్కెట్లు ప్రేమతో పెట్టేవే గానీ దాని కడుపుకు సరిపడవు. కోళ్ళ దాణాలో కలిపే కొన్ని మందులు, బూజు పట్టిన వేరుశనగ చెక్క హానికరం. గినీ పంది తన మెత్తని పెంటికలను తానే తినడం చూసి కొందరు కంగారు పడతారు. అది రోగం కాదు, జీర్ణక్రియలో భాగం.

విటమిన్ సి

గొర్రె, మేక, కుందేలు తమకు కావలసిన విటమిన్ సిని శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనిషి వలె గినీ పందికి కూడా ఆ శక్తి లేదు. 1907లో నార్వేకు చెందిన హోల్స్ట్, ఫ్రోలిక్ అనే శాస్త్రజ్ఞులు కేవలం ధాన్యం పెట్టిన గినీ పందులకు నావికుల పాలిటి మృత్యువైన స్కర్వీ వ్యాధి రావడం గమనించారు. ఆ రోగం గుట్టు తెలుసుకోవడానికి దారి చూపినది ఈ జంతువే. నేడు హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ప్రారంభమైంది. దాని వ్యవస్థాపకుడు రాబర్ట్ మెక్‌కారిసన్ కూడా స్కర్వీ పరిశోధనలకు గినీ పందులనే ఎంచుకున్నారు. వంద సంవత్సరాల క్రితం ప్రయోగశాలలో కావాలని చేసిన పనిని, జొన్నలూ సజ్జలూ మాత్రమే పెట్టే ఇల్లు తెలియక చేస్తుంది.

లోపం మొదలైన రెండు మూడు వారాలకే లక్షణాలు బయటపడతాయి. జంతువు నడవదు, ఎత్తుకుంటే బాధతో అరుస్తుంది, కీళ్ళు వాస్తాయి, బొచ్చు గరుకవుతుంది, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. కాలు విరిగిందేమోనని కట్టు కట్టడం ఇక్కడ జరిగే పొరపాటు.

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి అవసరం. చూడి సమయంలో పై మోతాదే సరైనది. జామకాయలో నూరు గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అంటే పదిహేను గ్రాముల చిన్న ముక్క ఒక రోజుకు చాలు. జామ దొరకని దినాలలో ఉసిరి ముక్క, బుంగ మిరప, కొత్తిమీర ఉన్నాయి. మునగాకులోనూ సి పుష్కలమే, కానీ కాల్షియం కూడా ఎక్కువ గనుక వారానికి రెండు మూడు సార్లు చిటికెడు చాలు. విటమిన్‌ను తాగే నీటిలో కలపడం వృథా. అది త్వరగా నశిస్తుంది. కుందేళ్ళ కోసం చేసిన గుళికల మేతలో సాధారణంగా విటమిన్ సి కలపరు.

ఎండ

గినీ పందికి అనుకూలమైన ఉష్ణోగ్రత 18 నుంచి 24 డిగ్రీలు. ముప్పై దాటితే వడదెబ్బ భయం. ఏప్రిల్, మే నెలలలో బళ్ళారి జిల్లాలోనే గాక ఆలూరు, రాయదుర్గం వైపు పల్లెల్లో కూడా నలభై దాటుతుంది. రేకుల కప్పు కింద పంజరం ఉంచడం ప్రాణాంతకం. మట్టి మిద్దె ఇంటి లోపలి గది నేల ఇందుకు మేలు. తడిపి పిండిన గోనెసంచి పంజరం పైన ఒకవైపు కప్పి, గాలి ఆడే దారి వదలాలి. చల్లని బండ పలక ఒకటి లోపల పెడితే అదే వెళ్ళి దానిమీద పడుకుంటుంది. చొంగ కారుస్తూ, పక్కలు ఎగరేస్తూ పడిపోతే కాళ్ళు, చెవులు మామూలు నీటితో తడిపి వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి. మంచునీటిలో ముంచరాదు.

మందు

గొర్రెకు జ్వరమొస్తే వేసే పెన్సిలిన్ సూది, పిల్లలకు దగ్గు వస్తే తాగించే అమాక్సిసిలిన్ ఇంట్లో మిగిలి ఉంటాయి. గినీ పందికి ఇవి విషతుల్యం. పేగులలో గడ్డిని జీర్ణం చేసే మేలైన సూక్ష్మజీవులు చనిపోయి, విషాన్ని పుట్టించే క్రిములు పెరిగి, రోగం కంటే ముందు మందే కొద్ది రోజులలో దానిని చంపుతుంది. ఆంపిసిలిన్, ఎరిత్రోమైసిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ కూడా ఈ కోవలోనివే. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా వంటివి పశువైద్యుడు తూకం చూసి నిర్ణయిస్తాడు. పశువైద్యశాలలలో వచ్చేవి అధికంగా ఆవులు, గొర్రెలే గనుక, గినీ పందికి పెన్సిలిన్ పడదన్న మాటను యజమాని తానే ముందుగా చెప్పడంలో తప్పు లేదు.

బొచ్చు రాలి గోకుతుంటే గజ్జి పురుగు కావచ్చు. గుండ్రని పొరలు లేస్తే తామర. అది పిల్లలకు అంటుతుంది, తాకిన చేతులు సబ్బుతో కడగాలి. కుక్క, కుందేలు వద్ద ఉంచితే ఊపిరితిత్తుల వ్యాధి సోకవచ్చు. మగపిల్లలను మూడు వారాలకే తల్లి నుంచి వేరుచేయాలి. ఏడెనిమిది నెలల వరకు ఈనని ఆడదానిని ఆ తర్వాత మగదానితో కలపరాదు. కటి ఎముకలు బిగిసిపోయి ఈత కష్టమవుతుంది.

వారానికొకసారి తూచి బరువు రాసిపెట్టడం మంచిది. రోగం బయటపడకముందే బరువు తగ్గుతుంది. ఒక పగలంతా మేత ముట్టకపోతే అది అత్యవసర స్థితి. బళ్ళారికి తీసుకువెళ్ళేవారు ఎండ ఎక్కకముందే బయలుదేరి, గాలి ఆడే బుట్టలో గడ్డి, దోసకాయ ముక్క వేసి తీసుకుపోవాలి. వైద్యునికి చూపించేముందు పస్తు ఉంచకూడదు.