చీర మీద చొక్కా

సామర్లకోట చుట్టుపక్కల ఊడ్పుల రోజుల్లో ఏ ఆడకూలీల ముఠాను చూసినా ఒకటే తీరు. చీర మీద పొడుగు చేతుల మగ చొక్కా, మణికట్టు దగ్గర పెట్టిన గుండీ, తలకు చుట్టిన తువాలు, మెడ మీదికి దిగిన దాని కొస. అది ఇంట్లో భర్తదో కొడుకుదో పాత చొక్కా. వరి ఆకు గీరుకోకుండా, ఎండకు చేతులు కమిలిపోకుండా అదే కాపు. ఎండ నుంచి చర్మాన్ని కాపాడుకోవడమంటే పట్నంలో క్రీము ట్యూబు గుర్తొస్తుంది గానీ, ఈ విద్య ఆకుతోనూ గుడ్డతోనూ పుట్టింది.

ఇక్కడి భీమేశ్వరాలయం కట్టించాడని చెప్పే చాళుక్య భీముడి కాలానికి, అంటే 892-922 నాటికి, తెల్లగొడుగు రాచరికపు గుర్తు. పొలం పనివాడికి ఉన్నది తాటాకు గొడుగు. అదీ అందరికీ దక్కలేదు. పెద్దకులాల వీధుల్లో గొడుగు వేసుకుని నడవడం, చెప్పులు తొడుక్కోవడం దళితులకు చాలాకాలం నిషేధం. పగలంతా ఎండలో ఒళ్లు వంచిన మనుషులకే నీడ లేకుండా చేశారు. గొడుగు చరిత్ర రాసేవాళ్లు ఈ మాట దాటేయకూడదు.

ఎండకు చర్మం ఎందుకు కమిలిపోతుందో తేలడానికి చాలాకాలం పట్టింది. వేడివల్లే అనుకునేవారు. 1801లో జర్మనీలో రిటర్ అనే శాస్త్రవేత్త కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను కనిపెట్టాడు. 1820లో ఇంగ్లండు వైద్యుడు ఎవరార్డ్ హోమ్ తన చేతులే ఎండలో పెట్టి చూశాడు. ఒకటి ఖాళీగా, రెండోది నల్లగుడ్డ కప్పి. గుడ్డ కింద వేడి ఎక్కువైనా ఆ చెయ్యి బాగానే ఉంది, ఖాళీ చెయ్యి బొబ్బలెక్కింది. మన నల్లగొడుగు వేడెక్కినా చర్మాన్ని కాపాడేది అందుకే.

క్రీములు వాడుకలోకి వచ్చింది 1930ల ప్రాంతంలో. ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున సరదాగా ఎండకాచుకునేవాళ్ల కోసం రసాయన శాస్త్రవేత్త యూజీన్ షూలర్ నూనె తయారు చేయించాడు. ఆల్ప్స్ కొండలెక్కి కమిలిపోయిన ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ గ్రైటర్ తర్వాత ఒక క్రీము చేశాడు. మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది మరి. క్రీము ఎండను ఎంత ఆపుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ లెక్కను వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. క్రీము మంచిదే, కానీ అది విహారానికి వెళ్లినవాళ్ల అవసరంలోంచి పుట్టింది. దళసరిగా రాయాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మోచేతుల దాకా బురదలో ఉండి నాట్లు వేసే మనిషికి అదెలా కుదురుతుంది? ఇక పసుపు, గంధం రాసుకుంటే ఒంటికి హాయే గానీ, గొడుగు చేసే పని అవి చేయవు.

మన చాయ వాళ్లకు చర్మ క్యాన్సర్ భయం తక్కువే, ఒంట్లోని మెలనిన్ కొంత అడ్డుకుంటుంది. మనవాళ్లను ఎక్కువగా ఏడిపించేది మంగు. దానికి హార్మోన్లతోపాటు ఎండా కారణమే. అందులోనూ కంటికి కనిపించే వెలుగు కూడా మచ్చల్ని ముదురుస్తుంది. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు క్రీములు కొంత ఆపుతాయి. ముఖానికి నీడపడేలా ముందుకు లాగిన తువాలూ కొంత ఆపుతుంది, పైసా ఖర్చు లేకుండా.

అయితే ఏ గుడ్డయినా పరవాలేదనుకోకూడదు. చాలాసార్లు ఉతికి పలచబడ్డ తెల్ల నూలుచొక్కా చెమటకు తడిస్తే కిరణాలు లోపలికి దిగిపోతాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలిది కనిపించని ముదురురంగు, దగ్గరి నేత గుడ్డ నయం. ఏ బట్ట ఎండను ఎంత ఆపుతుందో కొలిచే ప్రమాణాన్ని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1996లో తెచ్చాయి. మన చొక్కాల మీద అలాంటి చీటీ ఉండదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట విశ్రాంతికి, పిల్లలకు నీడ ఉండాలని చెప్పింది. రైతు పొలంలో కూలికి వెళ్లేవాళ్లకు ఆ నిబంధన లేదు. రెండో పంట దాళ్వా కోతల వేళకి ఎండ ముదిరిపోతుంది. తెల్లవారుజామునే పనిలోకి దించి పదకొండింటికల్లా వదిలేయడం రైతు చేతిలోనే ఉంది, గట్టు మీద ఒక పందిరి వేయించడమూ అంతే.