తీగ కొలత, పెట్టె కొలత



హోసూరు, బళ్ళారి, బరంపురం, యానాం వంటి ఊళ్ళలో ఇళ్ళకు ఫైబర్ తీగలు వచ్చాక చాలామందికి ఒక అనుమానం పట్టుకుంది. "వంద వేగం అని డబ్బు కట్టించుకున్నారు. ఫైలు దింపుకుంటుంటే తెర మీద పన్నెండు కూడా దాటడం లేదు. మిగతాదంతా ఎవరు మింగినట్టు?" అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కొలతల పేచీ మన సరిహద్దు జిల్లాల పెద్దలకు కొత్త కాదు. మెట్రిక్ తూనికలు రాకముందు మద్రాసు సేరు 24 తులాలు, బెంగాలు సేరు 80 తులాలు. పేరు మాత్రం ఒకటే. ఏ సేరో అడగకుండా బేరమాడితే అంతే సంగతులు. ఇక్కడ కూడా అలాంటి రెండు సేర్లున్నాయి. ఒకటి తీగ వేసినవాళ్ళది, రెండోది కంప్యూటరు చేసినవాళ్ళది.

ముందు తీగ సంగతి చూద్దాం. ఫ్రాన్సు తంతి శాఖ ఉద్యోగి ఎమిల్ బోదో 1874లో ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అక్షరానికి అయిదు స్పందనలు, అన్నీ సమాన కాలంలో. స్పందనల వేగాన్ని కొలిచే 'బాడ్' అన్న మాట ఆయన పేరులోంచి వచ్చిందే. తరవాత వచ్చిన టెలిప్రింటర్లు ప్రతి అక్షరానికీ ముందు 'మొదలు' అనే స్పందన, చివర 'ఆగు' అనే స్పందన చేర్చాయి. దాంతో అక్షరానికి అయిదు కాదు, ఏడున్నర స్పందనల కాలం పట్టేది. 50 బాడ్ యంత్రం సెకనుకు పది అక్షరాలు కొట్టాలి కదా అనుకుంటాం. కొట్టేది ఆరు చిల్లర, అంటే నిమిషానికి 400. ఈ చేర్పుడు స్పందనలను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాయి.

ఇక టెలిఫోను. మాటను అంకెలుగా మార్చి పంపవచ్చునని 1937లో పారిస్‌లో పనిచేస్తున్న ఆంగ్ల ఇంజనీరు అలెక్ రీవ్స్ ఊహించాడు. ట్రాన్సిస్టర్లు లేని రోజులవి, ఊహ కాగితం మీదే ఉండిపోయింది. 1962లో అమెరికాలో బెల్ సంస్థ దాన్ని వాడుకలోకి తెచ్చింది. గొంతును సెకనుకు 8,000 సార్లు తూచి, ప్రతి తూకాన్నీ 8 బిట్లలో రాస్తే 64,000 బిట్లు. ఒక్క మనిషి మాటకు పట్టే దారి అది. అమెరికావాళ్ళు అలాంటి 24 దారులు కలిపి, గుర్తుకోసం ఒక బిట్ చేర్చి, 15,44,000 బిట్ల లైను చేశారు. ఐరోపా 32 దారులు కలిపింది. వాటిలో మాటకు 30, నిర్వహణకు 2. మొత్తం 20,48,000. మన దేశం పట్టుకున్నది ఈ ఐరోపా కొలతనే. 2,048 అన్న అంకె చూసి ఇది కంప్యూటరు లెక్క అని పొరబడేవారున్నారు. కాదు. తీగవాళ్ళకు 'కిలో' అంటే వెయ్యే.

కంప్యూటరువాళ్ళ దారి వేరు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి డిస్క్ యంత్రం సెకనుకు 8,800 అక్షరాలు అందించేది. దాని అక్షరం ఆరు బిట్లు! ఎనిమిది బిట్ల 'బైట్' స్థిరపడింది 1964లో అదే సంస్థ తెచ్చిన సిస్టమ్ 360తోనే. ఇక జ్ఞాపకశక్తి రెట్టింపుల మీద పెరుగుతుంది కాబట్టి వెయ్యికి దగ్గరగా ఉన్న 1,024ను వాళ్ళు 'కిలో' అనేశారు. 1998లో దానికి 'కిబి' అని వేరే పేరు పెట్టినా వాడేవాళ్ళు తక్కువే. అన్నిటికంటే విచిత్రం 1.44 మెగాబైట్ ఫ్లాపీ. అందులో 1,440 కిలోలు, ఒక్కో కిలో 1,024 బైట్లు. వెరసి 14,74,560. అంటే దాని 'మెగా' వెయ్యి ఇంటూ 1,024. సగం తీగ లెక్క, సగం పెట్టె లెక్క!

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ తెరిచాక ఈ రెండు లెక్కలూ సామాన్యుడి జేబు దగ్గర కలిశాయి. అప్పట్లో 9,600 బిట్ల మోడెం. దాన్ని ఎనిమిదితో భాగించి, ఫ్లాపీడు సమాచారం ఇరవై నిమిషాల్లో వెళ్తుందని లెక్క వేసుకునేవారు. కాని దోషనివారణ లేని పాత మోడెంలో ఆ టెలిప్రింటర్ నాటి 'మొదలు', 'ఆగు' ఇంకా బతికే ఉన్నాయి. బైట్‌కు ఎనిమిది కాదు, పది బిట్లు. సెకనుకు 960 బైట్లు. ఫ్లాపీకి 25 నిమిషాల 36 సెకన్లు. ఆ అయిదు నిమిషాలకూ మీటరు తిరిగేది, చేతి డబ్బు పోయేది. అదే 64,000 బిట్ల లీజు లైనులో ఆ చేర్పు లేదు, ఎనిమిదితో భాగిస్తే చాలు. ఫ్లాపీకి మూడు నిమిషాల నాలుగు సెకన్లు.

ఇప్పుడు మీ వందకు వద్దాం. వంద మెగాబిట్లంటే పదికోట్ల బిట్లు. ఎనిమిదితో భాగిస్తే కోటీ పాతిక లక్షల బైట్లు. మీ కంప్యూటరు 1,024 లెక్క వాడితే తెర మీద 11.92 అని చూపుతుంది. ప్రతి సమాచారపు మూటకూ చిరునామా రాసిన కవరు ఉంటుంది కదా, దాని బరువు పోగా పదకొండు చిల్లర. అంతవరకూ ఎవరూ ఏమీ మింగలేదు. తీగను నేరుగా కంప్యూటరుకు తగిలించి, వేరే వేరే చోట్ల నుంచి దింపి చూసినా మూడూ నాలుగూ దాటడం లేదా? అప్పుడు అడగవలసిందే. అడిగేముందు రశీదు ఒకసారి చూడండి. ఇంగ్లీషులో చిన్న 'బి' ఉంటే బిట్, పెద్ద 'బి' ఉంటే బైట్. మరీ సన్నటి అచ్చులో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకోండి.