రెండు కంప్యూటర్ల గృహ నెట్‌వర్కు

ఒకే ఇంటిలో ఉన్న రెండు కంప్యూటర్లను తీగతో గాని, తీగ లేకుండా గాని కలిపి, వాటి మధ్య ఫైళ్ళు, ప్రింటరు, అంతర్జాల సంధానము వంటివి పంచుకొనే ఏర్పాటును రెండు కంప్యూటర్ల గృహ నెట్‌వర్కు అంటారు. స్థానిక నెట్‌వర్కులలో (లాన్) ఇది మిక్కిలి చిన్నది. ఇది పనిచేయుటకు మూడు విషయములు కుదరాలి. మొదటిది, ఒక కంప్యూటరు పంపిన సంకేతము రెండవదానికి చేరాలి. రెండవది, రెండింటి చిరునామాలు ఒకే నెట్‌వర్కుకు చెందాలి. మూడవది, ఫైలు ఉన్న కంప్యూటరు రెండవదానికి అనుమతి ఇవ్వాలి. నెట్‌వర్కు పనిచేయనపుడు లోపము సాధారణముగా ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో ఉంటుంది.

చరిత్ర

ఇళ్ళలోను, కార్యాలయములలోను వాడే తీగ నెట్‌వర్కులకు ఆధారమైన ఈథర్‌నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రములో రూపుదిద్దుకొన్నది. రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దీని రూపకర్తలలో ముఖ్యులు. 1983లో ఇది ఐఈఈఈ 802.3 అను ప్రమాణముగా వెలువడినది. మొదట మందమైన కోయాక్సియల్ తీగను వాడేవారు. 1990లో మెలివేసిన జంట తీగలపై సెకనుకు 10 మెగాబిట్ల వేగముతో పనిచేసే ప్రమాణము వచ్చినది. ఈ వేగము 1995లో 100 మెగాబిట్లకు, 1999లో 1000 మెగాబిట్లకు పెరిగినది.

కావలసిన పరికరములు

* రెండు కంప్యూటర్లలోను ఈథర్‌నెట్ పోర్టు ఉండాలి. పోర్టు లేని ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ ద్వారా తగిలించే ఈథర్‌నెట్ అడాప్టరు దొరుకుతుంది.
* రెండు కొనలకు ఆర్‌జే-45 కనెక్టర్లు బిగించిన నెట్‌వర్కు కేబులు ఒకటి కావాలి. దీని పొడవు 100 మీటర్లకు మించరాదు.

రెండు కొనలలోను టైప్-ఏ కనెక్టరు ఉండే సాధారణ యూఎస్‌బీ తీగతో రెండు కంప్యూటర్లను కలుపరాదు. రెండు వైపుల నుండి విద్యుత్తు ఎదురుబొదురుగా ప్రవహించి పోర్టులు చెడిపోవచ్చును.

తీగ అమరిక

నెట్‌వర్కు కేబులులో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జంటలుగా ఉంటాయి. 10, 100 మెగాబిట్ల వేగములలో కంప్యూటరు 1, 2 పిన్నుల ద్వారా సంకేతములు పంపి, 3, 6 పిన్నుల ద్వారా స్వీకరిస్తుంది. రెండు కంప్యూటర్లను తిన్నని తీగతో కలిపితే పంపే పిన్నులు పంపే పిన్నులకే తగులుతాయి. ఇద్దరు మాట్లాడుచుండగా వినేవారు లేనట్లగును. అందుచేత ఈ జంటలను తారుమారు చేసిన క్రాస్‌ఓవర్ కేబులును వాడేవారు. ఇందులో ఒక కొన టి568ఏ పద్ధతిలో, రెండవ కొన టి568బి పద్ధతిలో ఉంటాయి.

* టి568ఏ: తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నారింజ, నీలము, తెలుపు-నీలము, నారింజ, తెలుపు-గోధుమ, గోధుమ.
* టి568బి: పై వరుసలో ఆకుపచ్చ, నారింజ జంటలు ఒకదాని స్థానములో మరొకటి వస్తాయి.

గిగాబిట్ పోర్టులలో ఈ మార్పును పోర్టు తానే గుర్తించి సరిచేసుకుంటుంది. కనుక అట్టి కంప్యూటర్లకు తిన్నని కేబులు సరిపోతుంది. పాత కంప్యూటర్లు రెండింటిని కలిపేటప్పుడు మాత్రము క్రాస్‌ఓవర్ కేబులు అవసరము.

చిరునామాలు

ప్రతి కంప్యూటరుకు ఒక ఐపీ చిరునామా ఉండాలి. 1996లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1918 అను పత్రము 10, 172.16 నుండి 172.31 వరకు, 192.168 అను సంఖ్యలతో మొదలయ్యే చిరునామాలను సొంత నెట్‌వర్కులకు ప్రత్యేకించినది. ఉదాహరణకు మొదటి కంప్యూటరుకు 192.168.10.1, రెండవదానికి 192.168.10.2 ఇచ్చి, రెండింటికి సబ్‌నెట్ మాస్కుగా 255.255.255.0 ఇవ్వవచ్చును. ఈ మాస్కు ప్రకారము మొదటి మూడు సంఖ్యలు వీధి పేరు వంటివి, చివరి సంఖ్య ఇంటి నంబరు వంటిది. వీధి ఒకటే కావాలి, ఇంటి నంబర్లు వేరు కావాలి. ఇంటిలోని వైఫై రౌటరు వాడుచున్న వరుసను ఈ తీగకు ఇవ్వరాదు.

చిరునామా ఏదీ ఇవ్వనిచో కంప్యూటరు తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామాను తీసుకుంటుంది. రెండూ అట్లే చేసినచో నెట్‌వర్కు పనిచేస్తుంది.

కంప్యూటర్లు రెండూ ఒకే వైఫై రౌటరుకు కలిసి ఉంటే సంకేతమును చేరవేయు పనిని, చిరునామాల పనిని రౌటరే చూసుకుంటుంది. అప్పుడు మిగిలేది అనుమతి ఒక్కటే.

ఫైళ్ళను పంచుకొనుట

విండోస్‌లో ఫోల్డరు యొక్క ప్రాపర్టీస్‌లో షేరింగ్ అను భాగమును, మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ అను అమరికను, లినక్సులో సాంబా అను సాఫ్టువేరును వాడతారు. పంచుకొనే ఫోల్డరుకు చదువుటకు మాత్రమే అనుమతి ఇవ్వవచ్చును, లేదా మార్చుటకు కూడా ఇవ్వవచ్చును. సెకనుకు 100 మెగాబిట్ల వేగమున 700 మెగాబైట్ల ఫైలు చేరుటకు కనీసము 56 సెకనులు, గిగాబిట్ వేగమున సుమారు 6 సెకనులు పడుతుంది. ఆచరణలో సమయము కొంత ఎక్కువే అవుతుంది.

భద్రత

నెట్‌వర్కు కుదరనపుడు ఫైర్‌వాల్‌ను పూర్తిగా తీసివేయుట, మొత్తము డిస్కును అందరికీ తెరచి ఉంచుట పలువురు చేసే పొరపాట్లు. 2017 మే నెలలో వ్యాపించిన వాన్నాక్రై అను వైరస్ విండోస్‌లో ఫైళ్ళు పంచుకొనే పాత పద్ధతి అయిన ఎస్ఎంబీ 1లోని లోపము ద్వారానే ఒక కంప్యూటరు నుండి మరొకదానికి పాకినది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు కూడా దీని బారిన పడినవి. లోపమును సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరము మార్చిలోనే విడుదల చేసినది. దానిని స్థాపించుకొనని కంప్యూటర్లే నష్టపోయినవి. కాబట్టి ఎస్ఎంబీ 1ను వాడరాదు. అవసరమైన ఒక్క ఫోల్డరునే, సంకేతపదముతో పంచుకోవాలి.

రెండవ కంప్యూటరులో ఫోటోల నకలు ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండుట కూడా తగదు. ఆ ఫోల్డరులో మార్పులకు అనుమతి ఉంటే మొదటి కంప్యూటరుకు సోకిన వైరస్ ఆ నకలును కూడా పాడుచేయగలదు. విలువైన ఫైళ్ళ నకలు ఒకటి నెట్‌వర్కుకు తగిలించని డిస్కులో ఉండాలి.

సాధారణ చిక్కులు

* పోర్టు వద్ద దీపము వెలగకపోతే లోపము తీగలో గాని, కనెక్టరులో గాని ఉంటుంది.
* దీపము వెలిగి, పింగ్ ఆదేశమునకు జవాబు రాకపోతే చిరునామాలను, మాస్కును సరిచూడాలి. అవి సరిగా ఉన్నా జవాబు రాకపోవుటకు ఫైర్‌వాల్ కారణము కావచ్చును. అప్పుడు విండోస్‌లో ఆ నెట్‌వర్కును ప్రైవేటుగా గుర్తించి, ఫైళ్ళు పంచుకొనుటకు మాత్రమే ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి.
* జవాబు వచ్చి, ఫోల్డరు తెరుచుకోకపోతే లోపము అనుమతిలో ఉన్నది. సంకేతపదము లేని ఖాతాతో నెట్‌వర్కు ద్వారా ప్రవేశించుటను విండోస్ సాధారణముగా అనుమతించదు. ఆ ఖాతాకు సంకేతపదము పెట్టినచో చిక్కు తీరుతుంది.