బసవనగుడి వేరుశనగ పరస: ఒక పరిశీలనము

బెంగుళూరు నగరమున ప్రతి సంవత్సరము కార్తికమాసపు కడపటి సోమవారమున ఒక వింత ఉత్సవము జరుగును. దేవునికి రథోత్సవము, తెప్పోత్సవము జరుగుట మనమందరము ఎరిగినదే. కాని ఒక గింజను నడివీథిలో రాసులుగ పోసి, దానికొరకే లక్షలాది జనులు గుమికూడు తిరునాళ్లు అరుదు. బసవనగుడిలో జరుగు ఈ ఉత్సవమును కన్నడమున 'కడలెకాయి పరిషె' యందురు. కడలెకాయి యనగా మన వేరుశనగ. పరిషె యనగా తిరునాళ్లు. రాయలసీమ పల్లెలలో తిరునాళ్లను 'పరస' యనుట కలదు గనుక, సరిహద్దు ప్రాంతపు తెలుగువానికి ఈ పేరు పరాయిది కాదు.

ఈ పరిషెకు చెప్పబడు స్థలపురాణమును, ఆ పంట చరిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూచుట ఈ వ్యాసపు మొదటి యుద్దేశము. పరదేశమునుండి వచ్చిన పంట యొకటి ఈ నేలకు ఎట్లు సొంతమైనదో అందువలన తేటపడును. తరతరములుగ ఇచ్చట స్థిరపడిన తెలుగువారికి ఈ పరిషెతో గల సంబంధమును గుర్తుచేయుట రెండవ యుద్దేశము.

గత కార్తికమున నేను నేషనల్ కాలేజి మెట్రో నిలయమున దిగి, గాంధీబజారు మీదుగా నడచి పరిషెకు పోయితిని. రామకృష్ణాశ్రమపు కూడలి చేరునప్పటికే నడక ఆగిపోయినది. అచ్చటినుండి బసవని గుడివరకు బాట కిరుప్రక్కల గోనెపట్టాలమీద కాయలు కొండలవలె పోయబడియున్నవి. మన్ను విడువని పచ్చికాయలు, గలగలలాడు ఎండుకాయలు, ఇసుకలో వేయించినవి, ఉప్పునీట నుడికించినవి వేరువేరు రాసులుగ నున్నవి. రెండు గింజల కాయ యొకచోట, మూడు గింజల కాయ యొకచోట. వాని నడుమ బెండుబత్తాసులు, బొరుగులు, గాజులు, పిల్లల బూరలు. కొందరు నేటికిని సేరుతో కొలిచి పోయుచున్నారు. సొమ్ము మాత్రము చేతిఫోనులతో చెల్లింపబడుచున్నది. కాళ్లక్రింద పొట్టు పరుపువలె పరచుకొని, అడుగడుగునకు చిటపట ధ్వని చేయుచున్నది. నేను తలయెత్తి చూచుటకు వీలులేక, జనము తోసిన దిక్కునకే సాగిపోయితిని.

గుట్టమీది గుడిలో బసవడు ఏకశిలావిగ్రహము. ఎత్తు సుమారు 15 అడుగులు, పొడవు సుమారు 20 అడుగులు. పరిషెలో మొదటి కాయలు ఈ దేవునికి నివేదింపబడి, పిదప ప్రసాదముగ పంచబడును. ప్రక్కనే దొడ్డగణపతి గుడి, వెనుక బ్యూగల్ రాక్ అను పురాతన శిలల గుట్ట కలవు. ఈ గుడి పేరిటనే బసవనగుడి పేట వెలసినది. 1898లో బెంగుళూరు పాతపేటను ప్లేగు పీడించిన కాలమున, ఇరుకు వీథులు విడిచి బయటికి వచ్చిన జనమునకు ఈ ప్రాంతము, మల్లేశ్వరము ఆశ్రయములైనవి. అంతకు పూర్వము ఇవి సుంకేనహళ్లి మొదలైన పల్లెల చేలు.

స్థలపురాణ మిట్లున్నది. సుంకేనహళ్లి, గుట్టహళ్లి, మావళ్లి, దాసరహళ్లి మొదలైన పల్లెల రైతులు ఇచ్చట వేరుశనగ పండించుచుండిరి. ప్రతి పున్నమి రాత్రి ఒక ఎద్దు వచ్చి పైరు మేసిపోవుచుండెను. రైతులు కాపువేసి, ఒక రాత్రి దానిని కఱ్ఱతో మోదిరి. ఎద్దు అచ్చటనే కూలబడి శిలయైనది. తాము కొట్టినది శివుని వాహనమని తెలిసి రైతులు పశ్చాత్తాపపడి, గుడి కట్టి, ఏటేట తొలిపంటను అర్పింతుమని మ్రొక్కుకొనిరి. శిల నానాటికి పెరుగుచుండగా, దాని పెరుగుదల నాపుటకై నెత్తిన ఇనుప త్రిశూలము నాటిరనియు, విగ్రహపు పాదముల చెంతనే వృషభావతీ నది పుట్టినదనియు కూడ చెప్పుదురు. దేవాలయమును కట్టించినవాడు కెంపెగౌడుడని ప్రసిద్ధి. యలహంక నాడప్రభువైన ఈయన 1537లో, విజయనగరమున అచ్యుతదేవరాయలు ఏలుచున్న కాలమున, బెంగుళూరు కోటను నిర్మించెను.

చరిత్రము చదువువారికి ఇచ్చట ఒక చిక్కు తోచును. వేరుశనగ దక్షిణ అమెరికా ఖండమున పుట్టిన పంట. కొలంబసు అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికా దీవులను చేరినది 1492లో. పోర్చుగీసువారు గోవాను పట్టుకొనినది 1510లో. 1492కును 1537కును నడుమ గడచినవి 45 సంవత్సరములే. ఇంత స్వల్పకాలములో ఆ గింజ రెండు మహాసముద్రములు దాటి, పడమటి కనుమలెక్కి, బెంగుళూరు మెట్టలలో ఎద్దు మేయునంత విరివిగ పండియుండునని నమ్ముట కష్టము. దక్షిణదేశమున వేరుశనగ పొలములు విస్తరించినది 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున. ఫ్రాన్సు దేశపు మార్సేల్సు నగరమున నూనె, సబ్బుల కర్మాగారములకు గింజలు కావలసివచ్చినవి. దక్షిణార్కాటు జిల్లా పంట పుదుచ్చేరి రేవునుండి ఓడల కెక్కినది. ఆ గిరాకి వలననే ఎఱ్ఱమెట్టలు చాలవరకు వేరుశనగ కిందికి వచ్చినవి.

అయినచో స్థలపురాణము కల్లయా? అట్లనరాదు. తొలిపంటను దేవున కర్పించుట, పైరును కాచు ఎద్దును కొలుచుట వ్యవసాయదారులలో వేరుశనగకంటె ఎంతో పురాతనమైన ఆచారములు. ఆ మ్రొక్కు ముందే యుండి, ఆనాటి మెట్టపంట స్థానమున తరువాత వేరుశనగ వచ్చి కూర్చున్నదని నా యూహ. ఇందుకు రెండు కారణములు తోచుచున్నవి. మొదటిది ఋతువు. తొలకరికి వెనుక విత్తిన వేరుశనగ ఆశ్వయుజ కార్తికములలో పెరుకుదురు. కార్తిక సోమవారమునకు క్రొత్తకాయ చేతికి వచ్చును. రెండవది ఎద్దు. ఈ పంటలో గింజ మనుష్యునికి, కట్టె పశువునకు. కాయలు దూసిన పిదప మిగులు చెట్టును సీమరైతు 'కట్టె' యని వామి వేసి, వేసవిలో ఎద్దులకు వేయును. నూనె తీసిన చెక్కయు పశువులకే. ఎద్దు చేసిన తప్పును మన్నించి దానికి పాలు పంచిన కథకు ఇంతకంటె తగిన పంట దొరకదు.

పంట క్రొత్తదని మన భాషలు మరచిపోలేదు. క్రొత్తగ వచ్చినదానికి ప్రజలు పాత పరిచయస్థుని పేరే పెట్టిరి. శనగ మనకు అనాదిగ తెలిసిన పప్పు. భూమిలో కాయుటచే దీనిని 'వేరుశనగ' యంటిమి. కన్నడమున కడలె యన్నను శనగయే. దానినుండియే కడలెకాయి, నెలగడలె. తమిళులు వేర్కడలై, నిలక్కడలై యందురు. మహారాష్ట్రులు శనగను విడిచి పెసరను పట్టుకొని భుయీమూగ్, అనగా నేలపెసర, అనిరి. ఒరియాలో ఇది చీనాబాదము. ఒకే గింజ ఐదు భాషలలో ప్రవేశించి, ఎచ్చటికి పోయిన అచ్చటి చుట్టరికము కలుపుకొనినది. ఆయా రాష్ట్రములందు స్థిరపడిన మన తెలుగువారికి ఈ పేర్లన్నియు అంగడిలో నిత్యము వినబడు మాటలే.

నిజమునకు 'వేరు' అను మాటయు సరికాదు. కాయ వేరున కాయదు. పచ్చని పువ్వు నేలపైన పూయును. పువ్వు రాలిన పిదప దాని మొదటినుండి సన్నని కాడ యొకటి క్రిందికి సాగి, మన్నులోనికి దిగి, అచ్చట కాయగ మారును. రైతులు దీనిని 'ఊడ' యందురు. మఱ్ఱిచెట్టునకు దిగునదియు ఊడయే. ఊడ దిగువేళ నేల మెత్తగ, తడిగ నుండవలెను. గట్టిపడిన నేలలోనికి ఊడ దిగలేదు. దిగని ఊడ కాయ కాదు.

ఇక తెలుగువారి సంగతి. ఈ పరిషెకు కాయలు మాగడి, కనకపురము వైపునుండియే గాక, కోలారు, చింతామణి, శ్రీనివాసపురము ప్రాంతములనుండియు, తమిళనాటి కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలనుండియు, ఆంధ్రసీమనుండియు వచ్చును. అనంతపురము జిల్లా దేశమునందు వేరుశనగ మిక్కిలి విస్తారముగ పండు జిల్లాలలో నొకటిగ పేరొందినది. 2022లో అది విభజింపబడి శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో విస్తృత మైసూరు రాష్ట్రము ఏర్పడి సరిహద్దులు గీయబడినను, ఎఱ్ఱమెట్టకు ఆ గీతలు తెలియవు. కోలారు జిల్లాలోను, దానినుండి 2007లో వేరైన చిక్కబళ్లాపురము జిల్లాలోను బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురము, ముళబాగిలు ప్రాంతములలో తెలుగు ఇంటి భాషగ నేటికిని నిలచియున్నది. కైవారము తాతయ్యగారు తెలుగున, కన్నడమున తత్త్వములు చెప్పినది ఈ సీమయందే. బెంగుళూరు నిర్మాత కెంపెగౌడుని రచనగ 'గంగాగౌరీవిలాసము' అను తెలుగు యక్షగానము చెప్పబడుచున్నది. కనుక ఈ నగరమున తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు.

పరిషెలో నేను ఆగినచోట ఒక వృద్ధురాలు రాసి ముందు కూర్చుండియున్నది. నేను నా వెంటవచ్చిన మిత్రునితో తెలుగున మాటాడుట విని, "చెనిక్కాయలు కావల్నా నాయనా? నాటువి, మూడు గింజలవి" అని పిలిచినది. "అవ్వా, మీదే ఊరు?" అని యడిగితిని. "చింతామణి తావ పల్లె" అనెను. వేరుశనగ ఈ యేడు ఎట్లు పండినదని అడుగగా ఆమె నా ముఖము చూచి నవ్వి, "అదేం మాట నాయనా? చెనిక్కాయ అను" అనెను. మా పూర్వులు హిందూపురము ప్రాంతమునుండి ఈ నగరమునకు వచ్చి నాలుగు తరములైనది. మా అవ్వ కూడ చెనిక్కాయ యనియే చెప్పెడిది. పాఠశాలలోను, పుస్తకములలోను వేరుశనగ నేర్చుకొని, ఆ మాటను నేనే ఎప్పుడో జారవిడిచితిని. అవ్వ ప్రక్కన పదునాలుగేండ్ల మనుమరాలు సొమ్ము చూచుకొనుచున్నది. అవ్వ చెప్పినదంతయు ఆ బాలికకు తెలియుచున్నది. బదులు మాత్రము కన్నడముననే ఇచ్చుచున్నది. "మాట్లాడ్తాదా తెలుగు?" అని అడిగితిని. "ఇంటుంది" అని యూరకుండెను అవ్వ.

ఆ ఒక్క మాట నన్ను దారి పొడుగున వెంటాడినది. వినుట యొక తరము, మాటాడకుండుట మరియొక తరము. ఆ పిమ్మటి తరమునకు వినుటయు నుండదు. ఇందు కన్నడమును తప్పుపట్టవలసిన పనిలేదు. ఉన్న నేల భాషను నేర్చుట ధర్మము. వేరుశనగయు అట్లే చేసి ఈ నేలకు సొంతమైనది. కాని వేరుశనగ పేరు మార్చుకొనినను గింజను మార్చుకొనలేదు. మనము పేరు నిలుపుకొని గింజను పోగొట్టుకొను దారిలో నున్నామేమో యని నా భయము. సుంకేనహళ్లి చేలు నేడు లేవు. గుట్టహళ్లి, మావళ్లి నగరపు పేటలైనవి. పండించిన పొలములు పోయినను పరిషె నిలచినది, ఏటేట దూరపు పల్లెలవారు కాయలు మోసికొని వచ్చుటచేత. భాషకును అట్టి రాకపోకలు వలయును.

కావున మన సంఘముల కొక మనవి. సరిహద్దు సీమల తెలుగు ఇంత పెద్దయెత్తున ఒకే వీథిలో వినబడు అవకాశము సంవత్సరమునకు ఒక్కసారియే లభించును. వచ్చు కార్తికమున మన యువకులు పదిమంది ఒక దినము ఆ బాటపైన కూర్చుండి, తెలుగు మాటాడు అమ్మకందారుల ఊరిపేరు, వారు కాయకు, కట్టెకు, ఊడకు, కొలతకు వాడు మాటలు వ్రాసికొనిన చాలును. కర్నూలు, అనంతపురము వైపు బుడ్డలు, చిత్తూరు, కడపల చెనిక్కాయలు, తెలంగాణపు పల్లీలు అనునవి ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో ఆ పట్టికయే చెప్పగలదు. ఇందుకు ధనము అక్కరలేదు, అవ్వలున్నప్పుడే చేయవలెను.

నేను ఆనాడు రెండు సేర్లు కొని ఇంటికి వచ్చితిని. ఇంటివారు ఏమి తెచ్చితివని యడుగగా, చాల సంవత్సరముల పిమ్మట మొదటిసారి, చెనిక్కాయలు అని చెప్పితిని.