చేవెళ్ల మర్రిచెట్లు – కంటికి ఆనని కందిరీగ

3.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు
• చేవెళ్ల, మొయినాబాద్ దారిలోని మర్రిచెట్ల చరిత్రను వివరించగలుగుతారు.
• మర్రిచెట్టుకూ, మర్రి కందిరీగకూ గల సంబంధాన్ని తెలుపగలుగుతారు.
• చెట్ల సంఖ్య ఒక్కటే పర్యావరణ చరిత్రకు ఎందుకు చాలదో చర్చించగలుగుతారు.

3.1 పరిచయం

చరిత్ర అనగానే మీకు శాసనాలు, కోటలు, ఫర్మానాలు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మన ఆధారాలు వేరు: ఒకటి చెట్ల వరుస, రెండవది సుమారు 2 మిల్లీమీటర్ల కీటకం.

కొన్ని జీవులు ఒక చిన్న ప్రాంతానికే పరిమితమై ఉంటాయి. 1899లో శాస్త్రలోకానికి పరిచయమైన గుత్తి నీలి సాలీడు అటువంటిది. దాని సహజ నివాసం నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవి. మరికొన్ని జీవులకు హద్దు ప్రాంతం కాదు, ఒకే రకం చెట్టు. మర్రి కందిరీగ ఈ రెండవ కోవకు చెందుతుంది. మర్రి ఎక్కడ ఉంటే అక్కడే దాని బతుకు.

3.2 దారి పక్కన మర్రి

బాటల పక్కన మర్రి నాటడం మన దేశంలో చాలా పాత ఆచారం. మనుషులకూ, పశువులకూ నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించినట్లు క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు తన 7వ స్తంభ శాసనంలో చెప్పుకున్నాడు. హైదరాబాదు నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్ళే దారిలోని మర్రిచెట్లు నిజాం పాలనా కాలంలో నాటినవి. ఎడ్లబండి నడిచిన రోజుల్లో నీడ అలంకారం కాదు, ప్రయాణానికి అవసరం.

దారి పక్క మర్రిని సాధారణంగా లావాటి కొమ్మలు పాతి పెంచుతారు. తనంతట తాను మొలిచే మర్రి మాత్రం గింజ నుంచే పుడుతుంది. పక్షులు వదిలిన గింజ తాటిమాను మీదో, పాత గోడ పగులులోనో మొలకెత్తుతుంది. ఆ గింజ తయారవడానికి కందిరీగ కావాలి.

3.3 కాయ లోపలి లోకం

మేడిపండు లోపలి పురుగులను గూర్చిన వేమన పద్యం మీరు చిన్నప్పుడే చదివి ఉంటారు. మర్రి కూడా మేడి కుటుంబానిదే. మనం కాయ అనుకునేది నిజానికి వందలాది చిన్న పూలను లోపల దాచుకున్న బుర్ర. ఆడ కందిరీగ దాని కొనన ఉండే సన్నని రంధ్రం గుండా దూరుతుంది. ఆ ఇరుకులో రెక్కలు ఊడిపోతాయి. తెచ్చిన పుప్పొడిని పూలకు అంటించి, కొన్ని పూలలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. కొత్త తరంలో రెక్కలు లేని మగవి ఆడవాటితో జతకూడి, వాటికి బయటకు దారి తొలిచి, తమ ఆయుష్షు ముగించుకుంటాయి. ఆడవి పుప్పొడితో ఎగిరిపోతాయి.

బయటకు వచ్చిన ఆడ కందిరీగకు ఉండే వ్యవధి ఒకటి రెండు రోజులే. ఒక చెట్టు కాయలన్నీ దాదాపు ఒకేసారి ఒకే దశకు వస్తాయి కాబట్టి, అది పుట్టిన చెట్టు దానికి పనికిరాదు. ఆ సమయానికి లేత కాయలున్న మరో మర్రి దొరకాలి. గాలి కొన్నిటిని దూరం మోసుకుపోవచ్చు. అయినా చెట్లు ఎన్ని ఎక్కువగా ఉంటే, ఏదో ఒకటి సిద్ధంగా ఉండే అవకాశం అంత ఎక్కువ.

కందిరీగ లేకపోతే ఏమవుతుందో హవాయి దీవుల అనుభవం చెబుతుంది. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన ఒక మర్రిజాతి అక్కడ బాగానే పెరిగింది గాని, మొలకెత్తే గింజ ఇవ్వలేదు. 1920ల ఆరంభంలో దాని కందిరీగను కూడా తెప్పించిన తరువాతే గింజ దొరికింది.

3.4 రోడ్డు విస్తరణ – లెక్కకు రానిది

నేడు ఈ దారి 163వ జాతీయ రహదారి. అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల విస్తరణ తలపెట్టినప్పుడు సుమారు 900 మర్రిచెట్ల భవిష్యత్తు ప్రశ్నగా మారింది. ప్రమాదాలు తగ్గాలంటే రోడ్డు వెడల్పు కావాలన్నది ఒక వాదన. చెట్లను కాపాడుతూ దారి వేయాలన్నది మరొకటి. 2021లో వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది.

రెండు పక్షాల మాటల్లోనూ చెట్ల సంఖ్యే ముందుకు వచ్చింది. ఒక చెట్టును వేరే చోట నాటితే లెక్క సరిపోతుంది. కాని తరలించడానికి కొమ్మలు నరికిన మర్రి మళ్ళీ కాపుకు వచ్చేవరకు కందిరీగకు అక్కరకు రాదు. కాయ లేనప్పుడు గోరింకలకు, కోకిలలకు, గబ్బిలాలకు తిండి లేదు. అంటే ఇక్కడ కాపాడవలసింది విడివిడి చెట్లను కాదు, ఒకదాని కాపు ముగిసేసరికి మరొకటి అందుకునే వరుసను.

3.5 సారాంశం

మర్రిని నాటింది మనిషి, నిలబెడుతున్నది కందిరీగ. మొదటిదానికి పాలకుల చరిత్రలో చోటుంది. రెండవదాన్ని ఏ రికార్డూ లెక్కపెట్టలేదు. పర్యావరణ చరిత్ర చదివే మీరు ఈ రెండింటినీ కలిపి చూడాలి. మీ ఊరి మర్రి కింద రాలిన కాయను ఒకటి విప్పి చూడండి. పాఠంలోని రెండవ ఆధారం మీ అరచేతిలోనే ఉండవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. కందిరీగ పుట్టిన చెట్టు దానికి ఎందుకు పనికిరాదు?
2. హవాయి ఉదాహరణ ద్వారా మీరు గ్రహించినదేమిటి?

నమూనా పరీక్ష ప్రశ్న

చేవెళ్ల మర్రిచెట్ల వివాదాన్ని పర్యావరణ చరిత్ర దృష్టితో పరిశీలించండి.