సాములో నడుము



నర్సీపట్నము దాటి మన్యపు కొండల మొదటికి చేరినచోట కృష్ణదేవిపేట యున్నది. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో ముట్టడించి, మూడు చోటులను గలిపి 26 తుపాకులను గైకొనెను. 1924 మే 7న ప్రాణములు గోల్పోయిన ఆయన సమాధి ఈ గ్రామముననే కలదు. ఈ కథ మీకు క్రొత్త కాదు. తుపాకుల లెక్క దొరతనపు కాగితములలో నిలిచినది. అవి చేతికి రాకమునుపు మన్యపువారి యాయుధము విల్లు. నే నిప్పుడు చెప్పబోవునది ఆ వింటిని లాగిన దేహమును గూర్చి, అందును ముఖ్యముగా నడుమును గూర్చి.

విల్లు లాగుట చేతిబలమని చూచువా రనుకొందురు. కేవలము చేతితో లాగువాని భుజము నాలుగైదు బాణములకే వణకజొచ్చును. నేర్చినవాడు మొదట పాదములను నేలకు గట్టిగా నానించును, నడుమును నిలుపును, వెన్నుమీది రెండు రెక్కలను దగ్గరకు జేర్చును. చేయి కేవలము కొక్కెము వంటిది. కావడి మోయువాని సంగతియు నట్టిదే. బద్ద వంగి లేచునప్పుడు వాని నడుము దానితోపాటు ఊగును, అడుగు ఆ ఊపునకు సరిపడ పడును. ఊపు తప్పెనా, బరువు రెట్టింపైనట్లు తోచును. నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు ఘాటు రోడ్డు పనిలో గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను మన్యపువారిచే సరియైన కూలి యీయక చాకిరి చేయించుట ఆ పితూరీకి గల ముఖ్యకారణములలో నొకటి. ఆ రోడ్డును వేసినది నడుమే, అచ్చట విరిగినదియు నడుమే.

మన భాషయే దీనికి సాక్షి. పనికి బూనుట నడుము కట్టుట. శ్రమించుట నడుము వంచుట. విశ్రమించుట నడుము వాల్చుట. సర్వనాశనమైనచో నడుము విరిగినదందుము. చేతిని గూర్చి ఇన్ని మాటలు కలవేమో గాని, బ్రతుకునంతటిని ఒక్క అవయవమునకు ముడివెట్టిన పలుకుబడి నడుమునకే దక్కినదని నా యభిప్రాయము.

ఇక చైనా దేశమున తాయ్ చీ యను సాము గలదు. హెనాన్ రాష్ట్రమున చెన్ వంశీయుల గ్రామమున, పదిహేడవ శతాబ్దివాడైన చెన్ వాంగ్‌టింగ్ దీనికి మూలపురుషుడని ఆ వంశీయులు చెప్పుదురు. ఆ యింట నేర్చిన యాంగ్ లూచాన్ పందొమ్మిదవ శతాబ్దిలో పెకింగు నగరమున దీనిని నేర్పెను. ఆయన మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) దీనిని మెల్లగా, ముసలివారు సైతము చేయదగినట్లు వ్యాపింపజేసెను. మన దేశపు బోధిధర్ముడే చైనీయులకు సాము నేర్పెనని కొందరు సగర్వముగా చెప్పుదురు. ఆ మాటకు ఆధారము ఆయనకు వేయేండ్ల తరువాతి గ్రంథము గనుక నే నంగీకరింపజాలను. పొరుగువాని సొత్తును మనదనుటకంటె మన సొత్తును వెదకుకొనుట మేలు.

తాయ్ చీలో చేతులు తమంత తాము కదలరాదు. పాదములు నేలయందు నిలుచును, తొడల మొదళ్లు సడలును, నడుము తిరుగును. దానితో బొడ్డు, రొమ్ముటెముక ఒక్కమారుగా తిరుగును. చేయి దాని వెంట పోవును. నడుమును బండి యిరుసుతో బోల్చుట ఆ గురువులకు పరిపాటి. ఇది మన తిరగలి గాక మరేమి? గంటసేపు విసరినను అలయని యవ్వ చేయి చాచి విసరదు. పిడి పట్టి నడుము నుండి మొండెము నంతటిని త్రిప్పును. క్రొత్తకోడలు చేతితో విసరి భుజము నొచ్చి లేచిపోవును. చైనీయుల సాముశాలలో ఏండ్ల తరబడి నేర్పు పాఠమును మన యవ్వలు పిండి విసరుచు నేర్పిరి.

ఇచ్చట నొక సందేహము పొడమును. యాంగ్ చెంగ్‌ఫూ నడుమును సడలింపుమనెను, మనవారు బిగింపుమనిరి. రెండును ఎట్లు పొసగును? దట్టీ చుట్టుకొని కఱ్ఱసాము చేయువానిని చూడుడు. గుడ్డ బిగువుగా నుండును, లోపలి నడుము బొంగరమువలె తిరుగును. దట్టీ కడుపునకు ఆనుకట్ట. ఊపిరి దానికి తాకి క్రిందనే నిలుచును, మొండెము చెదరదు. బిగువు గుడ్డది, సడలింపు నడుముది. రొమ్ము విరిచి పొట్ట లోనికి బీల్చి నిలుపు బడి డ్రిల్లులో ఈ రెండును లేవు.

మనలో దీనిని లోకమునకు జూపినవాడు కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టమున బుట్టి, విజయనగరమున సాము నేర్చి, సర్కసు నడిపి, 1942లో దివంగతుడయ్యెను. రొమ్మునకు జుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంపెడివాడు. ఏనుగును రొమ్ముపై నిలుపుకొనెడివాడు. ఇవి చేతికండల పనులు కావు, మొండెమునకు ఊపిరికి సంబంధించినవి. ఆయన ప్రాణాయామము చేసెడివాడనుట ప్రసిద్ధము. జనులు మాత్రము ఏనుగును జూచిరి, ఊపిరిని జూడలేదు.

చైనీయులు తమ విద్యను వ్రాసియుంచిరి. 1956లో వారి క్రీడాసంఘము 24 భంగిమల సంక్షిప్తక్రమమును ఏర్పరచెను. 2020లో యునెస్కో తన వారసత్వపు పట్టికలో తాయ్ చీని జేర్చెను. దీనిని అభ్యసించు వృద్ధులు కాలుజారి పడుట తగ్గునని ఈ శతాబ్దిలో వైద్యపరిశీలనలు పలుమారులు తేల్చినవి. మన తిరగళ్లు పెరటిమూలల జేరినవి. తాలింఖానాలు అనేకము మూతబడినవి.

సాము నేర్పిన గురువు శిష్యుని నడుమును సరిదిద్దుచు ఏ మాట పలికెడివాడు? దట్టీని ఎన్ని చుట్లు చుట్టెడివారు, ముడి ఏ ప్రక్కకు వేసెడివారు? కావడికి ఊపు అందని కుఱ్ఱవానికి తండ్రి ఏమని చెప్పెడివాడు? ఇవి చెప్పగలవారు మీలో ఇంకను నుందురు. మనుమని పిలిచి, చేతికొక నోటుపుస్తక మిచ్చి, ఈ రాత్రియే వ్రాయింపుడు.